పామ్ స్టియరిన్, సన్‌ఫ్లవర్, ఒక తడిసిన డబ్బా: ప్రాజెక్టు డైరీ

జూన్ 9

ఈ ప్రాజెక్టు మా బావ వేసిన జోకుతో మొదలైంది. ఆయనకి రాజమండ్రిలో చిన్న బేకరీ ఉంది. మొన్న నేను వెళ్లేసరికి కౌంటర్ దగ్గర కూర్చుని ఏదో కంపెనీ బిస్కెట్ ప్యాకెట్ వెనకాల ఉన్న చీమ తలకాయంత అక్షరాలు చదువుతున్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఇంటరెస్టెరిఫైడ్ వెజిటబుల్ ఫ్యాట్ అట. వడ్డీ కట్టే కొవ్వా ఇది?"

పేరులో ఉన్నది ఇంట్రెస్ట్ కాదు బావా, ఎస్టర్ అన్నాను. "అయితే నువ్వు చదివేది ఇదేగా, ఒక డబ్బా చేసి తీసుకురా చూద్దాం" అన్నాడు. ఎం.టెక్ ప్రాజెక్టు టాపిక్ కోసం నెలరోజులుగా వెతుకుతున్న నాకు అది దేవుడి మాటలా వినిపించింది. మా గైడ్ మేడం దగ్గరికి వెళ్లి చెప్తే, "చేయి, కానీ ముందు అది బావగారికి అర్థమయ్యేలా చెప్పి రా, తర్వాత ప్రపోజల్ రాయి" అన్నారు.

బావకి చెప్పింది ఇది. స్కూల్లో బెంచీకి ముగ్గురం కూర్చునేవాళ్లం కదా. నూనె అణువు కూడా అంతే. గ్లిజరాల్ అనేది బెంచీ, దాని మీద ముగ్గురు పిల్లలు, వాళ్లే కొవ్వు ఆమ్లాలు. పిల్లాడు బెంచీకి అతుక్కున్న ఆ జతనే ఎస్టర్ అంటారు. కొందరు నిటారుగా, బిగుసుకుని కూర్చునే రకం (పామిటిక్ లాంటి సంతృప్త ఆమ్లాలు). కొందరు ఒంకర్లు తిరిగే రకం (ఓలిక్, లినోలిక్). ముగ్గురూ బిగుసుకున్న పిల్లలే ఉన్న బెంచీలు ఎక్కువైతే కొవ్వు గట్టిపడుతుంది, ఒంకర పిల్లల బెంచీలు ఎక్కువైతే నూనెలా కారుతుంది. గట్టి కొవ్వునీ పలచని నూనెనీ కరిగించి కలిపితే కలిసినట్టే కనిపిస్తాయి గానీ ఎవరి బెంచీలో వాళ్లే ఉంటారు. ఇంటరెస్టెరిఫికేషన్ అంటే మాస్టారు వచ్చి "అందరూ లేవండి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చోండి" అనడం. పిల్లలు వాళ్లే, బెంచీలు అవే, కూర్చున్న వరస మారింది. హైడ్రోజనేషన్‌లో అలా కాదు, అక్కడ పిల్లల్నే మార్చేస్తారు. ఆ మార్చడంలో కొందరు సగం మారి మిగిలిపోతారు, వాళ్లే ట్రాన్స్ ఫ్యాట్.

"అంటే డాల్డా?" అన్నాడు బావ. అవును, పాత డాల్డా. 1937లో మన దేశంలో ఆ పేరుతో మొదలై, చివరికి వనస్పతి మొత్తానికీ మన ఇళ్లల్లో అదే పేరైపోయింది. 2021 జనవరి 1 నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ 3 శాతానికి, 2022 జనవరి 1 నుంచి 2 శాతానికి మించకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) నిబంధన వచ్చాక పాత పద్ధతి సాగదు. అందుకే ప్యాకెట్ల వెనక ఈ నోరు తిరగని పేరు.

జూన్ 17

సరుకు వచ్చింది. పామ్ స్టియరిన్ కాకినాడ నుంచి, ఐదు కిలోల డబ్బా. ముడి పామాయిల్ అక్కడి పోర్టులో దిగుతుంది, రిఫైనరీలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. పామాయిల్‌ని చల్లబరిచి వడగడితే కారేది ఓలీన్ (మనం కొనుక్కునే పామాయిల్), మిగిలే గట్టి భాగం స్టియరిన్. ఎండాకాలంలో కూడా గరిటె దిగదు. రెండోది షాపులో దొరికే రిఫైన్డ్ సన్‌ఫ్లవర్.

తవుడు నూనె కూడా అనుకున్నాం. మన దగ్గర రైస్ మిల్లులకి లోటు లేదు కదా. కానీ దాన్లో మైనం, ఇంకా రకరకాల చిన్న పదార్థాలు ఉంటాయి, మొదటి ప్రయత్నంలోనే తలనొప్పి ఎందుకని మేడం వద్దన్నారు.

సగం సగం కలిపితే ఏమవుతుందో కాగితం మీద లెక్క. స్టియరిన్‌లో సంతృప్త ఆమ్లాలు 65 శాతం దాకా, సన్‌ఫ్లవర్‌లో 11. సగటు 38. పూర్తిగా కలగాపులగం అయితే ఒక బెంచీ మీద ముగ్గురూ బిగుసుకున్నవాళ్లే పడే అవకాశం 0.38 ఘనం, అంటే ఐదున్నర శాతం. మామూలుగా కలిపితే స్టియరిన్‌లో ముందే ఉన్న ఆ గట్టి బెంచీలు అలాగే ఉంటాయి, సుమారు 15 శాతం. పదిహేను నుంచి ఐదున్నరకి. కరిగే ఉష్ణోగ్రత పడిపోవాలి. పడిందా లేదా అన్నదే మా పరీక్ష.

జూన్ 25

కొలతల రోజు. స్లిప్ పాయింట్ అంటే: రెండువైపులా తెరిచి ఉన్న సన్న గాజు గొట్టంలో సెంటీమీటరు కొవ్వు ఎక్కించి, రాత్రంతా చల్లగా ఉంచి, పొద్దున్నే నీళ్లలో దించి మెల్లగా వేడి చేయడం. ఏ డిగ్రీ దగ్గర కొవ్వు ముక్క జారి పైకి లేస్తుందో అదే లెక్క. వనస్పతికి మన దగ్గర 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి. మా సగం సగం మిశ్రమం 46.5 దగ్గర లేచింది. ఇలాంటిది తింటే నోట్లో కరగదు, అంగిట్లో మైనంలా అంటుకుంటుంది.

ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ (ఏ బెంచీకీ అతుక్కోకుండా విడిగా తిరిగే కొవ్వు ఆమ్లాలు) 0.15 శాతం. తేమ 0.08 శాతం. చూడ్డానికి ఇవి ఏమీ కాని అంకెలు. రాత్రి హాస్టల్లో కూర్చుని లెక్క వేస్తే నిద్ర ఎగిరిపోయింది.

అరకిలో మిశ్రమంలో 0.08 శాతం అంటే 0.4 గ్రాముల నీళ్లు, ఎనిమిది చుక్కలు. మేం వేయబోయే ఉత్ప్రేరకం సోడియం మెథాక్సైడ్, 0.3 శాతం, అంటే గ్రామున్నర. ఒక్కో నీటి అణువు ఒక్కో మెథాక్సైడ్ అణువుని తినేస్తుంది. 18 గ్రాముల నీటికి 54 గ్రాముల మెథాక్సైడ్. ఆ ఎనిమిది చుక్కలు 1.2 గ్రాములు మింగేస్తాయి. ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ ఇంకో 0.14 గ్రాములు. గ్రామున్నర వేస్తే పని చేయడానికి మిగిలేది చిటికెడు కూడా కాదు.

అందుకే ముందు నూనె ఎండాలి. నూనె "ఎండడం" అంటే మా అమ్మ నవ్వింది.

జూలై 3

బ్యాచ్ 1. ఫెయిల్.

మూడు మూతుల ఫ్లాస్కులో అరకిలో, వాక్యూమ్ పెట్టి, 105 డిగ్రీల దగ్గర ముప్పావుగంట ఎండబెట్టాం. మొదట్లో చిన్న చిన్న బుడగలు, తర్వాత అద్దంలా నిశ్చలం. 90కి దించి, మెథాక్సైడ్ పొడి గ్రామున్నర వేసి కలపడం మొదలుపెట్టాం. పుస్తకాల్లో చెప్పేది ఏమిటంటే, కొద్ది నిమిషాల్లో మిశ్రమం ఎర్రటి గోధుమరంగుకి తిరగాలి. మెథాక్సైడ్ తనంతట తాను పని చేయదు, అది ముందు నూనెలోని ఒక బెంచీని పట్టుకుని అసలు ఉత్ప్రేరకంగా మారుతుంది, ఆ మార్పుకి గుర్తే ఆ రంగు.

పది నిమిషాలు. ఇరవై. నలభై. గంట. మా ల్యాబ్ అటెండర్ బాబాయి వచ్చి చూసి, "ఏం బాబూ, నెయ్యి కాస్తున్నావా?" అన్నాడు. రంగు నిజంగానే నెయ్యి రంగు. స్లిప్ పాయింట్ 46.

జూలై 6

బ్యాచ్ 2. అదే కథ. ఈసారి కార్ల్ ఫిషర్ అనే తేమ కొలిచే పరీక్షతో చూశాను, 0.01 శాతం లోపే. నూనె తప్పు కాదు.

మెథాక్సైడ్‌ని టైట్రేట్ చేశాను (ఎంత ఆమ్లం పోస్తే దాని క్షారం చెల్లిపోతుందో చూసే కొలత). 98 శాతం. డబ్బా మీద రాసిందీ అంతే. అంటే ఉత్ప్రేరకం బాగుంది, నూనె బాగుంది, రియాక్షన్ మాత్రం లేదు. టెన్షన్ పట్టుకుంది. వచ్చే వారం రివ్యూ.

జూలై 8

మేడం ఒక్క ప్రశ్న వేశారు. "బ్యాచ్ 1ని కడిగినప్పుడు నురగ వచ్చిందా?"

వచ్చింది. బాగా వచ్చింది. రాసుకున్నాను కూడా, కానీ దాని గురించి ఆలోచించలేదు.

నురగంటే సబ్బు. సబ్బంటే కాస్టిక్. అంటే మా డబ్బాలో ఉన్నది మెథాక్సైడ్ కాదు, వానాకాలం గాలిలో తేమ పీల్చి సోడియం హైడ్రాక్సైడ్ అయిపోయిన పొడి. గోదావరి పక్కన జూలైలో గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఉప్పు డబ్బా మూత తీస్తే గడ్డకట్టే కాలం. ఆ సీసా ఎన్నిసార్లు తెరిచారో ఎవరికీ తెలియదు, మా సీనియర్ల కాలం నాటిది.

మరి టైట్రేషన్ 98 ఎలా చూపించింది? ఇదే ఈ ప్రాజెక్టులో నాకు తగిలిన మంచి దెబ్బ. ఆమ్లంతో టైట్రేట్ చేస్తే తెలిసేది అక్కడ క్షారం ఎంత ఉందన్నదే, ఏ క్షారమన్నది తెలియదు. మెథాక్సైడ్ నీళ్లలో పడగానే ఎలాగూ హైడ్రాక్సైడే అవుతుంది. పైగా హైడ్రాక్సైడ్ అణుభారం 40, మెథాక్సైడ్‌ది 54, కాబట్టి పాడైన పొడి గ్రాముకి ఇంకా ఎక్కువ క్షారం చూపించాలి. అది పీల్చుకున్న నీటి బరువు ఆ అంకెని కిందికి లాగింది. పైకి లాగేదీ కిందికి లాగేదీ కలిసి సరిగ్గా 98 దగ్గర నిలబడ్డాయి. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పులా కనిపించాయి.

కొత్త సీసా ఆర్డర్ పెట్టాం. చిన్నవి, 25 గ్రాములవి. తెరిచినది అదే రోజు వాడాలి, మిగిలింది డెసికేటర్లోకి (తేమ తగలకుండా దాచే గాజు పాత్ర) కూడా కాదు, జాగ్రత్తగా నిర్వీర్యం చేసి పారబోయాలి. (ఇది ఇంట్లో ఆడుకునే పొడి కాదు. చర్మం మీద పడితే కాలుతుంది, నీళ్లు తగిలితే వేడెక్కి మంటలు కూడా రావచ్చు. గాగుల్స్, గ్లోవ్స్ లేకుండా బాబాయి ఆ గదిలోకి రానివ్వడు, అందులో ఆయన మా మేడం కన్నా స్ట్రిక్టు.)

జూలై 15

బ్యాచ్ 3.

తేమ గాలి తగలకుండా నైట్రోజన్ పారిస్తూ సీసా తెరిచాం. గ్రామున్నర. కలపడం మొదలైన మూడో నిమిషంలో ఫ్లాస్కు అంచున ఒక గోధుమరంగు పొగలాంటి చార కనిపించింది. నాలుగో నిమిషానికి మొత్తం ఇటుకరంగు. నేను గట్టిగా అరిచాను, పక్క ల్యాబ్ వాళ్లు ఏదో పేలిందనుకుని వచ్చారు.

అరగంట ఉంచి, 80కి దించి, వేడినీళ్లు పోసి చంపాం. "చంపడం" అనే అంటాం ల్యాబ్‌లో, రియాక్షన్ ఆపడాన్ని. రంగు ఒక్కసారిగా విరిగిపోయి మళ్లీ లేత పసుపు.

స్లిప్ పాయింట్ రేపు పొద్దున గానీ తెలియదు. గొట్టాలు ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. పక్క షెల్ఫులో ఎవరిదో పెరుగు డబ్బా ఉంది, కెమికల్ ఫ్రిజ్‌లో. దాని గురించి వేరే నోటీసు పెట్టాలి.

జూలై 16

38.

మూడు గొట్టాలు. 38, 37.5, 38. ఏ నూనె కొత్తగా చేర్చలేదు, ఏదీ తీయలేదు, కూర్చున్న వరస మారినందుకే ఎనిమిదిన్నర డిగ్రీలు దిగింది.

మిగతా రోజంతా కడగడంతోనే సరిపోయింది. సెపరేటింగ్ ఫన్నెల్లో (కింద కుళాయి ఉన్న గాజు గరాటు) వేడినీళ్లు పోసి ఊపానంతే, మజ్జిగలా అయింది. గంటసేపు చూసినా విడిపోలేదు. కాస్త ఉప్పునీళ్లు పోస్తే అప్పుడు పొర కట్టింది. లెక్క ప్రకారం గ్రామున్నర మెథాక్సైడ్ 8 గ్రాముల మిథైల్ ఎస్టర్లనీ (బెంచీ వదిలి మిథైల్‌తో జతకట్టిన కొవ్వు ఆమ్లాలు), నీళ్లతో చంపితే ఇంకో 8 గ్రాముల దాకా సబ్బునీ తయారుచేయాలి. అంటే మూడు శాతం పైన నూనె మనకి దక్కదు. ల్యాబ్‌లో అది పెద్ద విషయం కాదు. రోజుకి వంద టన్నుల ప్లాంటులో మూడు టన్నులు. ఉత్ప్రేరకం ధర కన్నా అది తినేసే నూనె ధరే ఎక్కువ. అందుకే పరిశ్రమలో అందరూ 0.1 శాతం దగ్గరికి దిగడానికి చూస్తారు, దిగాలంటే నూనె ఎముకలా ఎండి ఉండాలి. ఎటు తిరిగినా ఆ ఎనిమిది చుక్కల దగ్గరికే.

ఎంజైములతో చేస్తే ఈ కడుగుడు గొడవే లేదు. లైపేజ్ అనే కొవ్వు ఎంజైముని గింజల మీద అంటించి, గొట్టంలో నింపి, 70 డిగ్రీల దగ్గర నూనె పారిస్తే చాలు. పెద్ద కంపెనీలు అటే వెళ్తున్నాయి. మా బడ్జెట్‌లో ఆ గింజలు రావు.

జూలై 24

బ్యాచ్ 4. 0.15 శాతం ఉత్ప్రేరకం, చంపడానికి సిట్రిక్ యాసిడ్ ద్రావణం. సబ్బు బదులు సోడియం సిట్రేట్ అయి నీళ్లలో వెళ్లిపోయింది. ఫన్నెల్లో పావుగంటలో పొర విడింది. స్లిప్ పాయింట్ 38.5. ఇకపై ఇదే పద్ధతి.

జూలై 30

వాసన తీసే రోజు. బ్యాచ్ 3, 4 రెండూ కలిపి, గాజు డియోడరైజర్‌లో 215 డిగ్రీల దగ్గర, 4 మిల్లీమీటర్ల పాదరసం వాక్యూమ్‌లో రెండు గంటలు ఆవిరి పట్టించాం. మిథైల్ ఎస్టర్లు పోవాలి, అవి తిండిలో ఉండకూడదు.

పోయినవి ఎక్కడికి పోతాయి? కోల్డ్ ట్రాప్‌లోకి. ఐస్‌లో ఉంచిన గొట్టం అడుగున పది గ్రాముల దాకా పలచటి ద్రవం చేరింది. చుక్క తీసి టీఎల్‌సీ ప్లేటు (పదార్థాల్ని మచ్చలుగా విడదీసి చూపే పలక) మీద పెట్టి, అయోడిన్ ఆవిరి చూపిస్తే పైన పెద్ద మచ్చ. మిథైల్ ఎస్టర్లే. కింద కొంచెం ఫ్యాటీ యాసిడ్.

సాయంత్రం బావకి ఫోన్ చేసి, "బావా, నీ డాల్డా చేస్తుంటే పక్కన డీజిల్ వచ్చింది" అన్నాను. ఆయన నమ్మలేదు. కానీ బయోడీజిల్ అంటే ఆ మిథైల్ ఎస్టర్లే. అదే నూనె, అదే ఉత్ప్రేరకం. పక్కన మిథనాల్ లేకపోతే పిల్లలు బెంచీలు మారతారు. మిథనాల్ దండిగా పోస్తే ప్రతి పిల్లాడూ బెంచీ వదిలి మిథనాల్ చెయ్యి పట్టుకుని బయటికి పోతాడు, ఖాళీ బెంచీలు, అంటే గ్లిజరిన్, అడుగున చేరతాయి. తిండి కోసం చేసేవాడు తరిమేసేదాన్నే బండి కోసం చేసేవాడు పట్టుకుంటాడు. తేమ మాత్రం ఇద్దరికీ శత్రువే.

మేడం ఇది విని ప్రాజెక్టులో రెండో అధ్యాయం చేర్చమన్నారు. నోరు జారినందుకు శిక్ష.

ఆగస్టు 5

బావ బేకరీలో సమోసాలు వేయించిన నూనె రెండు లీటర్లు తెచ్చాను. కాఫీ రంగు. టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాగితే పుట్టే పాడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వంటకి వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. అదే ఏడాది ఆగస్టులో, వాడేసిన నూనెని సేకరించి బయోడీజిల్‌కి మళ్లించే రూకో కార్యక్రమం కూడా మొదలైంది. బావ ఇన్నాళ్లూ ఈ నూనె ఎవరికి ఇచ్చేవాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ 2.9 శాతం. మా రిఫైన్డ్ మిశ్రమానికి ఇరవై రెట్లు. నేరుగా మెథాక్సైడ్ వేస్తే సబ్బు తప్ప ఏమీ రాదు. ముందు ఆమ్లంతో ఎస్టరిఫై చేయాలి, లేదా క్షారంతో కడిగేయాలి. కడిగేశాను. రెండు లీటర్లకి లీటరున్నర పైచిలుకు మిగిలింది.

మిథనాల్‌తో మామూలు బయోడీజిల్ అందరూ చేసేదే, ఒక బ్యాచ్ చేసి పక్కన పెట్టాను. గ్లిజరిన్ అడుగున నల్లటి తేనెలా దిగింది. మేడం అడిగింది వేరే: మిథనాల్ బదులు మిథైల్ ఎసిటేట్ (ఎసిటిక్ ఆమ్లపు మిథైల్ ఎస్టర్). అప్పుడు ఇది కూడా అసలు సిసలు ఇంటరెస్టెరిఫికేషనే, ఎస్టర్‌కీ ఎస్టర్‌కీ మధ్య మార్పిడి. కొవ్వు ఆమ్లాలు మిథైల్ ఎస్టర్లయి వెళ్తాయి, వాటి చోట బెంచీ మీద మూడు ఎసిటిక్ పిల్లలు కూర్చుంటారు. అదే ట్రైఎసిటిన్. గ్లిజరిన్ అసలు రాదు. బయోడీజిల్ పెరిగేకొద్దీ గ్లిజరిన్ కొనేవాళ్లు లేక ధర పడిపోతుంది కాబట్టి, దాన్ని రాకుండా చేయడం మంచి ఆలోచనే. ట్రైఎసిటిన్ ఇంధనంలోనే కలిసి ఉండిపోతుంది.

ఆగస్టు 12

మొదట శుభ్రమైన సన్‌ఫ్లవర్‌తో. వంద గ్రాముల నూనెకి మిథైల్ ఎసిటేట్ అణువుల లెక్కన 12 రెట్లు, అంటే బరువులో నూనెతో దాదాపు సమానం. మిథనాల్ దారిలో 6 రెట్లకి 22 గ్రాములు చాలు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. 50 డిగ్రీలు, ఎందుకంటే 57కే అది మరిగిపోతుంది. ఒక శాతం మెథాక్సైడ్, గంట.

ఇందులో ఇబ్బంది ఏమిటంటే కంటికి ఏమీ కనిపించదు. మిథనాల్‌తో అయితే గ్లిజరిన్ అడుగున దిగితే పని అయినట్టు. ఇక్కడ మొదట్నుంచీ చివరిదాకా ఒకే పొర. పావుగంటకోసారి చుక్క తీసి టీఎల్‌సీ పెట్టడమే. నూనె మచ్చ మసకబారింది, మిథైల్ ఎస్టర్ మచ్చ పెరిగింది, మధ్యలో రెండు మూడు మచ్చలు మాత్రం చివరిదాకా పోలేదు. సగం ఎసిటిక్, సగం కొవ్వు ఆమ్లం కూర్చున్న బెంచీలు అవి.

మిగిలిన మిథైల్ ఎసిటేట్‌ని ఆవిరి చేసి తీసేశాక సాంద్రత చూశాను. 15 డిగ్రీలకి సరిచేస్తే 0.916. మన బయోడీజిల్ ప్రమాణం ఐఎస్ 15607లో 0.860 నుంచి 0.900 దాకానే. ఎస్టర్ శాతం కనీసం 96.5 ఉండాలి, ట్రైఎసిటినే బరువులో ఐదో వంతు ఉన్నప్పుడు అది జరిగే పని కాదు. ఈ అంకెలు తేడా కొడతాయని ముందే లెక్కలో తెలుసు. ట్రైఎసిటిన్ నీళ్ల కన్నా బరువు మరి.

నా అభిప్రాయం: గ్లిజరిన్ తలనొప్పి తప్పుతుందన్నది నిజమే, కానీ సమోసా నూనె రెండు లీటర్లున్న బేకరీకి ఇది దారి కాదు. రసాయనం ఖర్చు ఎక్కువ, మిగిలింది తిరిగి పట్టుకునే ఏర్పాటు కావాలి, ప్రమాణంలో పట్టదు. మేడం దీన్ని అంత సూటిగా రాయొద్దన్నారు, "మరింత పరిశోధన అవసరం" అని రాయమన్నారు. థీసిస్‌లో అలాగే రాస్తాను.

ఆగస్టు 20

మళ్లీ బేకరీ.

ముందే ఒక విషయం. ల్యాబ్ గాజుసామానులో చేసినది ఎవరూ తినకూడదు. మేడం షరతు ఇది. డబ్బా మీద "తినరాదు" అని ఎర్ర అక్షరాలతో రాశాను. వేయడం, కాల్చడం, విరిచి చూడటం, కొలవడం, పారేయడం. "చేసిన బిస్కెట్ పారేయడమా? అన్నపూర్ణ ఊరుకుంటుందా?" అని బావ చాలాసేపు బాధపడ్డాడు.

డబ్బా తెరిస్తే మొదటి సమస్య. పైన నున్నగా ఉండాల్సిన కొవ్వు రవ్వరవ్వగా ఉంది. బావ వేలితో నలిపి, "పూస కట్టింది, నెయ్యిలా! భలే ఉందిరా" అన్నాడు. మన నెయ్యికి పూస గొప్ప. షార్టెనింగ్‌కి (బేకరీ పిండిలో కలిపే కొవ్వు) అది జబ్బు. పెద్ద స్ఫటికాలు గాలిని పట్టుకోవు, పిండిలో నున్నగా కలవవు. పామ్‌లోని పామిటిక్ వల్ల మా మిశ్రమం సన్న స్ఫటికాల వైపే మొగ్గు చూపాలి, కానీ నేను కరిగించి బల్ల మీద వదిలేసి ఇంటికి వెళ్లిపోయాను. మెల్లగా చల్లారితే ఏ కొవ్వైనా తన ఇష్టం వచ్చినట్టు కడుతుంది. మళ్లీ కరిగించి, ఐస్ బకెట్‌లో పెట్టి, చల్లారేదాకా గరిటెతో కలుపుతూనే ఉన్నాం. భుజం పడిపోయింది. ఈసారి వెన్నలా వచ్చింది.

నెయ్యి మాట వచ్చింది కాబట్టి: వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని మన దగ్గర పాత నిబంధన. రుచికి కాదు. నెయ్యిలో ఎవరైనా డాల్డా కల్తీ చేస్తే, ఫర్‌ఫ్యురాల్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పరీక్షిస్తే నువ్వుల నూనె ఎర్రగా తేలిపోయి దొంగని పట్టిస్తుంది. బావకి ఇది చెప్తే, వాళ్ల నాయనమ్మ వాసన చూసే చెప్పేసేదట.

ఉస్మానియా బిస్కెట్లు వేశాడు బేకరీ మాస్టర్. మామూలు మార్గరిన్‌తో ఒక ట్రే, మాదానితో ఒక ట్రే. విరిస్తే రెండూ ఒకేలా చిట్లాయి. మాది కాస్త ఎక్కువ పరుచుకుంది. మాస్టర్ ఒక ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని, నా మొహం చూసి, కింద పెట్టేశాడు.

ఆగస్టు 21

పఫ్‌లు. ఘోరం.

పఫ్‌కి మైదా పొరల మధ్య కొవ్వు పొర తెగకుండా సాగాలి. బేకరీ లోపల 34 డిగ్రీలు. మా కొవ్వు 38 దగ్గరే కరిగి జారిపోతుందంటే 34 దగ్గర దాన్లో గట్టి భాగం ఏమంత మిగలదు. మూడో మడతకే పక్కల నుంచి కారిపోయింది. మాస్టర్ గుడ్డతో బల్ల తుడుస్తూ, "బాబూ, ఇది పఫ్ కాదు, పూరీ" అన్నాడు. ఓవెన్లోంచి తీస్తే పొరలే లేవు, నూనెలో వేగిన రొట్టెలా ఉంది.

స్లిప్ పాయింట్ ఒక్కటే చూసి ఏ కొవ్వు దేనికి పనికొస్తుందో చెప్పకూడదు. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత శాతం గట్టిగా ఉందో మొత్తం గీత కావాలి, దానికి ఎన్ఎంఆర్ (కొవ్వులో గట్టి భాగం ఎంతో కొలిచే యంత్రం) కావాలి, అది మా దగ్గర లేదు.

లెక్క మళ్లీ వేశాను. స్టియరిన్ 60 పాళ్లు చేస్తే గట్టి బెంచీలు 8 శాతం, 70 పాళ్లకి 11.6. పఫ్‌కి 70 దగ్గర ఎక్కడో. కానీ అలా పెంచుకుంటూ పోతే సంతృప్త కొవ్వు కూడా పెరుగుతుంది. ట్రాన్స్ లేదు కదా అని మంచిదని ఎవరూ అనుకోకూడదని మేడం రివ్యూలో గట్టిగా చెప్పారు.

ఆగస్టు 30

బ్యాచ్ 5, 70:30. ఎండబెట్టాం, 105 దగ్గర గంట. కొత్త సీసా ఇంకా రాలేదు. బయట వాన. కిటికీ మూసినా గోడలకి చెమ్మ. బాబాయి పాత సీసా చూపించి, "ఇది ఉంది కదా బాబూ" అన్నాడు.

నూనెని నైట్రోజన్ కింద మూసి పెట్టి వచ్చేశాను. సీసా సోమవారం వస్తుందట.